గోడ బయట కచేరీ

మా ఇంట్లో పాటల పిచ్చి ఎవరికెక్కువ అని అడిగితే అందరూ నా వైపే వేలు చూపిస్తారు. కృష్ణగిరిలో ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసిన మనిషిని. ఈ వయసులో ఒక రాక్ బృందానికి అభిమానినయ్యానంటే మీరు నవ్వుతారేమో. నవ్వండి, పరవాలేదు. మా తమ్ముడు కూడా నవ్వాడు.

ఆ బృందం పేరు ‘అగం’. 2003లో బెంగళూరులో మొదలైంది. గిటార్లు, డ్రమ్ములు, కీబోర్డుల మధ్య కర్ణాటక సంగీతాన్ని కూర్చోబెట్టి పాడతారు. ప్రధాన గాయకులు హరీశ్ శివరామకృష్ణన్ గారు మలయాళీ. వయొలిన్ కూడా వాయిస్తారు. తమిళంలోనూ మలయాళంలోనూ ‘అగం’ అంటే లోపలిది, అంతరంగం. 2017లో వచ్చిన వారి రెండో ఆల్బమ్‌లో త్యాగరాజస్వామి వారి నళినకాంతి రాగ కృతి ‘మనవ్యాలకించ’ ఉంది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘మిస్ట్ ఆఫ్ కాప్రికార్న్’, అంటే మకరరాశి మంచు. హోసూరులో ఉన్న మా తమ్ముడి కొడుకు ఒకనాడు ఆ పాట నా ఫోనులో ఎక్కించిపోయాడు. అప్పటినుంచి పొద్దున కాఫీ కాచేటప్పుడు అదే పాట, రాత్రి తలుపులు వేసేటప్పుడు అదే పాట.

ఆ బృందం బెంగళూరులో ఆరుబయట కచేరీ చేస్తోందని తెలియగానే మూడు టికెట్లు కొన్నాం: నాకు, తమ్ముడికి, మేనల్లుడికి. సంక్రాంతి వెళ్లాక వచ్చిన శనివారం అది. కృష్ణగిరి నుంచి హోసూరుకు యాభై కిలోమీటర్లు, అక్కడినుంచి బెంగళూరుకు మరో నలభై. చిత్రాన్నం పొట్లాలు కట్టుకొని, శూలగిరి కొండ పక్కగా బస్సులో హోసూరు చేరేసరికి తమ్ముడు గుమ్మంలోనే చేతులెత్తేశాడు. ఫ్యాక్టరీలో షిఫ్టు మారిందట. మరదలు పుట్టింట్లో ఉంది. మరి నాయనను ఒక్కణ్ణే ఇంట్లో వదిలేదెట్లా?

నాయనకు ఎనభై ఒకటి. మాది శూలగిరి దగ్గరి పల్లె. అక్కడి భజన గుడిలో నలభై ఏళ్లు ముందుండి పాడించిన గొంతు ఆయనది. ధనుర్మాసంలో తెల్లవారక ముందే, మంచులో, కంబళ్లు కప్పుకొని ఊరంతా తిరిగేవాళ్లు. తాళాల చప్పుడు మా వీధి మలుపు తిరగగానే అమ్మ లేచి దీపం పెట్టేది. తరవాత పడుచువాళ్లు బెంగళూరు పనులకు పోయారు. ఆరేళ్ల కింద హార్మోనియం వాయించే జత మనిషి కాలం చేశాడు. ఆ నాటినుంచి నాయన నోరు తెరిచి పాడింది లేదు. పాడమని మేమూ అడగలేదు.

“యాడికి పిలుచుకొని పోతాండావు పాపా?” అన్నాడు అద్దె కారులో కూర్చుంటూ.

“త్యాగరాజ కృతి వినేదానికి నాయనా” అన్నాను. మిగతా సంగతి చెప్పలేదు. అబద్ధమైతే కాదు కదా!

దారిలో మేనల్లుడు ఫోను తీసి పాట చదవడం మొదలుపెట్టాడు. వాడు చదివేది ఇంగ్లీషు మీడియం, రెండో భాష తమిళం. తెలుగు మాట్లాడతాడు గానీ రాయలేడు. అందుకని కృతినంతా తమిళ లిపిలో రాసిపెట్టుకున్నాడు. తమిళంలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం గదా, వాడు ‘మనవ్యాలగించ’ అని చదివాడు. వెనక సీట్లో నాయన కళ్లు మూసుకొనే, “కించ రా, గించ కాదు” అన్నాడు. అంతే, మళ్లీ మాట్లాడలేదు.

మైదానానికి చేరేసరికి చీకటి పడింది. వేలమంది ఉన్నారు, అంతా పాతికేళ్ల లోపు పిల్లలే. నాలాంటి వాళ్లు వెతికితే పదిమంది ఉంటారేమో. ముందుకు తోసుకుపోయి వేదిక బాగా కనిపించే చోటు పట్టాం. దీపాలు ఆరాయి, డ్రమ్ము మీద మొదటి దెబ్బ పడింది. ఆ దెబ్బ నా పక్కటెముకల్లో మోగింది. నాకు ఒళ్లు పులకరించింది. పక్కకు తిరిగి చూస్తే నాయన రెండు చెవులూ మూసుకొని, నుదురు ముడిచి నిలబడి ఉన్నాడు.

రెండో పాట మధ్యలో నా చెయ్యి పట్టుకున్నాడు. “గుండె అదురుతాంది పాపా. బయట కూర్చుంటాను, నువ్వు చూసి రా.”

గేటు దగ్గర రాసిపెట్టి ఉంది, ఒకసారి బయటికి పోతే తిరిగి లోపలికి రానివ్వరని. ఆరు నెలలుగా ఎదురుచూసిన కచేరీ. నేను పాడించుకోవాలనుకున్న పాట ఇంకా రాలేదు. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం నాయన మీద కోపం వచ్చింది. మేనల్లుణ్ణి అక్కడే ఉండమని చెప్పి, ఆయన్ను పట్టుకొని బయటికి నడిచాను.

గేటు కాపలా ఉన్న పెద్దమనిషి మా మాటలు విని రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వేశాడు. ఆయనది కుప్పం వైపు పల్లె. చిత్రాన్నం పొట్లం విప్పి ముగ్గురం తిన్నాం. గోడకు ఇవతల ఆ హోరు తగ్గి, పాట మాత్రం తేటగా వినిపిస్తోంది. నాయన ముఖం తేటపడింది.

“బయటినుంచి వినేది నాకు కొత్త గాదులే” అన్నాడు. పెళ్లికి ముందు, శ్రీరామనవమి రోజుల్లో హోసూరు నుంచి బస్సెక్కి బెంగళూరు చామరాజపేట ఫోర్ట్ హైస్కూలు మైదానానికి వచ్చేవాడట. అక్కడ శ్రీరామ సేవా మండలి వారు 1939 నుంచి సంగీతోత్సవాలు జరుపుతున్నారు. టికెట్టుకు డబ్బుల్లేక పందిరి బయట రోడ్డు మీద కూర్చొని వినేవాడట. ఈ సంగతి నాకు ఇన్నేళ్లలో ఎన్నడూ చెప్పలేదు.

అప్పుడు లోపల వయొలిన్ మీద నళినకాంతి మొదలైంది. కాపలా మనిషి చెవి ఒగ్గి, “ఇది తెలుగే కదా సామీ? మాట తెలుగులాగే ఉంది గానీ అర్థం తెలీలేదు” అన్నాడు.

నాయన కుర్చీలో ముందుకు వంగాడు. “మనవి, ఆలకించు. రెండూ కలిసిపొయినాయి. తన మనసుతోనే చెప్పుకుంటాడు స్వామి, నా మనవి వినకూడదా అని.” అలా చెబుతూ, మాటలు విడదీసి చూపించడానికని, పల్లవిని మెల్లగా అందుకున్నాడు. గొంతు వణికింది, ఒకచోట శ్రుతి తప్పింది. కుర్చీ చేతి మీద తాళం మాత్రం తప్పలేదు. లోపల వేలమంది పిల్లలు కేకలు వేస్తున్నారు. నేను నాయన వైపు చూడకుండా గేటు వైపే చూస్తూ కూర్చున్నాను. చూస్తే ఆపేస్తాడేమోనని భయం.

త్యాగరాజస్వామి పుట్టింది తిరువారూరులో, 1767లో. పాడుకుంటూ బతికింది, 1847లో సిద్ధి పొందింది తిరువయ్యారులో. ఆ తెలుగు పాటల్లో చాలావరకు కావేరి ఒడ్డున, తమిళ సీమలో పుట్టినవే. ఆ రాత్రి అదే పాటను ఒక మలయాళీ గాయకుడు కన్నడ దేశంలో పాడుతుంటే, కుప్పం మనిషికి శూలగిరి ముసలాయన అర్థం చెప్పాడు. మన ఊళ్లలో తెలుగు ఇంకెన్నాళ్లుంటుందో అని సభల్లో దిగులుపడేవాళ్లలో నేనూ ఒకదాన్ని. కానీ మా ఇంట్లోనే ఆరేళ్లుగా మూగపోయిన గొంతును నేను ఎందుకు పలకరించలేదో ఆ కుర్చీలో కూర్చొని ఆలోచించాను.

కచేరీ అయ్యాక మేనల్లుడు చెమటతో, మెరిసే కళ్లతో వచ్చాడు. “అత్తా, అసలైన పాటకే నువ్వు లేకపోతివే!” అని నొచ్చుకున్నాడు. “విన్నానులేరా” అన్నాను. నాయనను ఎట్లా ఉందని అడిగితే, “పిల్లోడు బాగా పాడినాడు. రెండక్షరాలు మింగినాడు, అంతే” అని తీర్పు చెప్పాడు. “మకర మంచు అని పేరు పెట్టినారంటివే, మంచులో పాడితే తెలిసేది వాళ్లకు!” అని నవ్వాడు కూడా.

మరుసటి ఆదివారం హోసూరు వెళ్లినప్పుడు చూశాను. వాకిట్లో తాత, మనవడు ఒక నోటు పుస్తకం ముందేసుకొని కూర్చున్నారు. నాయన తెలుగులో ‘మనవ్యాలకించ’ అని పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాడు. దాని కింద మావాడు దిద్దుతున్నాడు. ‘వ్యా’ దగ్గర ముక్కి మూలిగాడు గానీ, ‘కి’ మాత్రం గుండ్రంగా, గట్టిగా రాశాడు.