దున్నదూడ యాకలి



బసంత్‌నగర్ చుట్టుపట్ల పల్లెలనుండి ప్రతిదినమును తెల్లవాఱకమునుపే పాలు బయలుదేఱి సిమెంటు కర్మాగారపు కాలనీకిని, రామగుండము, గోదావరిఖని కార్మికుల యిండ్లకును జేరుచున్నవి. అందు బఱ్ఱెపాలే మెండు. బఱ్ఱె పెయ్యదూడ నీనిన నింట పండుగ. దున్నదూడ పుట్టినచో యజమాని మోము చిన్నవోవును. ట్రాక్టరు వచ్చినపిదప దున్నతో దుక్కి దున్నువా రరుదు. కావున దానికి విడువవలసిన పాలు అమ్మకమునకు బోవును. తల్లి చేపుటకై రెండు గ్రుక్కలు త్రాగనిచ్చి దూడను గుంజకు గట్టుదురు. అది నెలలోపల చచ్చినచో తెగులందురు. ఆ తెగులునకు ఆకలి యని పేరు.

జున్నుపాలమాట చెప్పవలయును. జున్ను నాకును ప్రీతియే. కాని బఱ్ఱెగర్భమున నున్న దూడకు రోగనిరోధకశక్తి తల్లిరక్తమునుండి సంక్రమింపదు. అది మొదటి పాలలోనే కలదు. ఆ శక్తిని గ్రహించు గుణము దూడప్రేగులకు ఒక్క దినముతో నుడుగును, తొలిగంటలలోనే మిక్కుటము. 30 కిలోల దూడకు మొదటిదినమున 3 లీటర్లు కావలయును. అది త్రాగగా మిగిలినదే మన జున్ను. బఱ్ఱెదూడలకు పాలద్వారముననే నట్టలు సంక్రమించుటయు గలదు. పదునైదు దినములలోపల పశువైద్యునిచే మందు పోయింపవలయును.

ఇక శాసనము. గోవును, గోవత్సమును వధింపరాదని 1977 నాటి చట్టము. బఱ్ఱెజాతికి పశువైద్యుని ధ్రువపత్రము కావలయును. 2001 నాటి నియమముల ననుసరించి మూడునెలలు నిండని యే దూడను గాని, అట్టి దూడగల తల్లిని గాని కబేళాలో కోయరాదు. ఇవి యందఱు నెఱిగినవే. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమున మఱియొక మాట గలదు: తన పశువునకు చాలినంత మేత, నీరు, నీడ నీయని యజమానియు నేరస్థుడే. కసాయివానిని నిందించు మనము ఈ వాక్యమును చదువము.

ఐరోపాలో తెల్లనిమాంసముకొఱకు దూడలకు ఇనుపధాతువు తక్కువగు ఆహారమిడి, తిరుగుటకైన వీలులేని యిఱుకుగూండ్లలో పెంచెడివారు. ఇంగ్లండు 1990లో ఆ గూండ్లను నిషేధించెను. ఎనిమిదివారములు దాటిన దూడను ఒంటిగూట నుంచరాదను నియమము 2007 నుండి ఐరోపాసమాఖ్య యంతట నమలులో నున్నది. అచ్చట నినుము మాన్పిరి, ఇచ్చట పాలే మాన్పుచున్నాము.

మాంసము నాకు నిషిద్ధము. అయినను దున్నదూడను మాంసముకొఱకే పెంచుట పాపమని, కొట్టమున మాడ్చుట పాపముగాదని వాదించువారితో నేను కూడను. 2007-12 నాటి పంచవర్షప్రణాళికలో కేంద్రప్రభుత్వము దున్నదూడలను రక్షించి పెంచు పథకమును బెట్టెను. దాని యుద్దేశమును మాంసమే. అయినను ఆ దూడ కడుపునిండ దిని పెరుగును. మూడునెలలు పాలు విడిచి, పిదప పచ్చిమేత, తవుడు పెట్టి పెంచిన దున్నకు సంతలో వెలయు వచ్చును. అమ్మునాడు మాత్రము బండివానిని అడుగవలయును: 1978 నాటి నియమములచొప్పున ఒక్క లారీలో ఆఱు పశువులకు మించి యెక్కింపరాదు. ఏడవదాని నెక్కింపజూచినచో మీ పశువును దింపించుకొనుడు.