మోటారు నీరెక్కడికి పోవుచున్నది?

వేసవిలో జంగారెడ్డిగూడెమునుండి అశ్వారావుపేటకు పోవు కారు త్రోవలో వేడెక్కినచో, మనవారు నీరు పోసికొని సాగిపోవుదురు. మునుపటి నీరేమైనదని విచారించువారరుదు. బండిక్రింద నేల పొడిగానే యుండును. ఏలయన, ఒత్తిడికి చిమ్మిన నీరు వేడి యింజనుపై ఆవిరియై పోవును.

నీరు మామూలుగా 100 డిగ్రీల సెంటీగ్రేడున మరుగును. రేడియేటరు మూత తన స్ప్రింగుబలముచే చదరపు అంగుళమునకు ఇంచుమించు 15 పౌనుల అధికపుటొత్తిడిని నిలిపినచో, 120 డిగ్రీలవరకు మరుగదు. చిన్న బెజ్జమున్నను ఈ లాభము పోవును.

పరీక్షకు ఇంజను పూర్తిగా చల్లారవలెను. వేడిమీద మూత విప్పినచో మరిగిన నీరు మొగమున కెగయును. ఈ మాట డ్రైవర్లకు నేనెన్నిమారులు చెప్పినను తక్కువే. నీరు నింపి, మూతకు మారుగా ముల్లుగల చేతిపంపును బిగించి, మూతపై వ్రాసిన అంకెవరకే గాలి కొట్టవలెను. మించినచో మంచి గొట్టమే పగులవచ్చును. పదునైదు నిమిషములు ముల్లు కదలకున్న మేలు. దిగినచో గొట్టముల కీళ్ళను, నీటిపంపును, రేడియేటరు అతుకులను వెదకుడు.

వెలుపల తడిలేకయే ముల్లు దిగుచున్నచో హెడ్డు గాస్కెట్టును అనుమానింపుడు. ఆయిలుకడ్డీపై మజ్జిగరంగు నురుగు కూడ కనబడినచో బండిని నడుపరాదు. మూతను సైతము ఆ పంపుతోనే పరీక్షింపుడు. ఒక్కొక్కమారు దోషమంతయు దానిదే.