సచ్ఛిద్ర టైటానియంపై అస్థిఖనిజ వృద్ధి: కృత్రిమ దేహద్రవ పరీక్ష చెప్పేది, చెప్పనిది

తుంటి కీలు వంటి అమరికలలో వాడే టైటానియం యంగ్ గుణకం సుమారు 110 గిగాపాస్కల్‌లు. దట్టమైన ఎముకకు అది 10–30 మాత్రమే. ఈ వ్యత్యాసం వల్ల భారంలో అధికభాగాన్ని లోహమే మోస్తుంది, పక్కనున్న ఎముక క్రమేణా క్షీణిస్తుంది. లోహాన్ని సచ్ఛిద్రంగా చేస్తే ఆ బిగువు తగ్గుతుంది; దాదాపు 100 మైక్రోమీటర్లు, అంతకు మించిన రంధ్రాలలోకి ఎముక పెరగగలదు.

ఎముకతో బంధం త్వరగా ఏర్పడటానికి లోహంపై హైడ్రాక్సీ అపటైట్ పూత వేయడం పరిపాటి. కానీ ప్లాస్మా స్ప్రే ఎదురుగా ఉన్న తలానికే చేరుతుంది. వంకర రంధ్రాల లోపలి గోడలు దానికి అందవు. ద్రావణం అందుకోగలదు. 1996లో కొకుబో బృందం ప్రకటించిన క్షార చికిత్స ఇందుకు అనుకూలమైనది. లోహాన్ని గాఢ సోడియం హైడ్రాక్సైడ్‌లో 60 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచి, తరువాత 600 డిగ్రీల వద్ద వేడిచేస్తే ఉపరితలంపై సోడియం టైటనేట్ పొర ఏర్పడుతుంది. దేహద్రవంలో సోడియం అయాన్లు బయటికి పోగా మిగిలిన టైటానియం–హైడ్రాక్సిల్ సమూహాలు ఋణావేశంతో ముందు కాల్షియాన్ని, ఆపైన ఫాస్ఫేట్‌ను ఆకర్షిస్తాయి. దేహద్రవం అపటైట్ దృష్ట్యా ముందే అతిసంతృప్తం. కొరవడినది స్ఫటిక బీజమే. బీజం పడితే పొర తనంతట పెరుగుతుంది. అయితే సన్నని రంధ్రాలలో సోడియం మిగిలిపోతుంది కనుక, సచ్ఛిద్ర లోహానికి సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో దానిని తొలగించే దశను తరువాత చేర్చారు.

చిక్కు పరీక్షలో ఉంది. 1990లో కొకుబో బృందం వివరించిన కృత్రిమ దేహద్రవం 2007లో ఐఎస్ఓ 23317 ప్రమాణంగా స్థిరపడింది. రక్త ప్లాస్మాలో 27 మిల్లీమోలార్ ఉండే బైకార్బనేట్ అందులో 4.2 మాత్రమే, ప్రోటీన్లు అసలే లేవు. అందులో అపటైట్ ఏర్పడితే పదార్థం ఎముకతో బంధిస్తుందన్న అనుమానాన్ని 2009లో బోనర్, లెమేత్ర్ గట్టిగా ప్రశ్నించారు. బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ ఎముకతో బంధిస్తుంది, అయినా ఈ ద్రవంలో తరచు అపటైట్‌ను చూపదు. కనుక కాలీఫ్లవర్ గుబురును పోలిన స్ఫటికాల సూక్ష్మదర్శిని చిత్రం ఒక్కటే జైవక్రియాశీలతకు రుజువు కాజాలదు. పదార్థాలను వడపోయడానికి మాత్రం అది చవకైన సాధనం. సచ్ఛిద్ర నమూనాల విషయంలో ఆ చిత్రం పైతలానిదైతే మరీ బలహీనం: లోపలి ద్రవంలో అయాన్లు త్వరగా తరిగిపోతాయి, కాబట్టి నమూనాను కోసి, లోతును బట్టి పొర మందం కొలవవలసి ఉంటుంది.