అలీగఢ్ కళాశాల - ఆటస్థలము, ఆవాస జీవితము

కళాశాలల చరిత్ర వ్రాసేవారు ఆచార్యులను, గ్రంథాలను, పరీక్షాఫలితాలను పేర్కొని ఆటస్థలాన్ని విస్మరించడం పరిపాటి. అలీగఢ్‌లోని మహమ్మదన్ ఆంగ్లో ఓరియంటల్ కళాశాల విషయంలో అలా చేస్తే సగం కథ చెప్పకుండా వదలినట్లే. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1875లో పాఠశాలగా నెలకొల్పగా, 1877లో శంకుస్థాపన జరుపుకొని కళాశాలగా రూపొందిన ఆ సంస్థలో, ఇరవయ్యవ శతాబ్ది ఆరంభం నాటికి క్రికెట్ జట్టు నాయకునికి లభించిన గౌరవం పరీక్షలో ప్రథముడుగా వచ్చినవానికి సైతం లభించేది కాదేమో!

ఆ క్రికెట్ సంఘాన్ని 1878లో స్థాపించినవారు గణితాచార్యులైన పండిత రమాశంకర్ మిశ్రా. ఇది విని ఆశ్చర్యపడేవారున్నారు. కాని ఆ కళాశాల ద్వారాలు ఆదినుండి అన్ని మతాలవారికీ తెరచియే ఉండేవి. అక్కడి తొలి పట్టభద్రుడు ఈశ్వరీ ప్రసాద్ హిందువే.

1883లో థియోడర్ బెక్ ఇరవై నాలుగేండ్ల వయస్సులో కేంబ్రిడ్జి నుండి వచ్చి ప్రిన్సిపాల్ పదవి స్వీకరించాడు. తాను చదివిన విశ్వవిద్యాలయపు పద్ధతులనే ఇక్కడ నాటదలచాడు. విద్యార్థులు ఒకేచోట నివసించాలి, కలిసి భుజించాలి, సాయంకాలం ఆడాలి, రాత్రి వాదించాలి - ఇదీ ఆయన ప్రణాళిక. 1884లో వెలసిన సిడన్స్ యూనియన్ అనే వక్తృత్వ సభ ఆ ఆశయం నుండి పుట్టినదే. 1899 నుండి 1905 వరకు ప్రిన్సిపాల్‌గా ఉన్న థియోడర్ మారిసన్ కూడ ఆ మార్గాన్నే అనుసరించాడు. నల్లని కోటు, ఎఱ్ఱని తుర్కీ టోపీ ధరించిన అలీగఢ్ విద్యార్థిని ఉత్తర హిందూస్థానంలో ఎక్కడనైనా ఇట్టే గుర్తుపట్టేవారు. నమాజుకు వేళ ఉన్నట్లే క్రికెట్‌కు, హాకీకి, గుఱ్ఱపుస్వారీకి వేళలుండేవి.

ఇందులో ఆంగ్ల ప్రిన్సిపాళ్ళ ఉద్దేశం కేవలం దేహదారుఢ్యం కాదు. కెప్టెన్ ఆజ్ఞను పాటించినవాడు రేపు ప్రభుత్వాజ్ఞను పాటిస్తాడని వారి విశ్వాసం. మైదానం వారి దృష్టిలో రాజభక్తికి పాఠశాల. ఆ విశ్వాసం నిరాధారమనలేము. క్రికెట్ కెప్టెన్‌గా వెలుగొందిన షౌకత్ అలీ పట్టభద్రుడై ప్రభుత్వ నల్లమందు శాఖలో ఉద్యోగిగా చేరి ఏండ్ల తరబడి పనిచేశాడు. సలాముద్దీన్, షఫ్కత్ హుస్సేన్ వంటి అలీగఢ్ క్రీడాకారులు 1911లో పటియాలా మహారాజు నాయకత్వాన ఇంగ్లండు వెళ్ళిన అఖిల భారత జట్టులో ఆడారు.

అయితే అందరూ ఆటగాండ్రే కారు. పాతకాలపు దుస్తులతో, పాన్‌దాన్ చేతబట్టుకొని వచ్చిన ఒక యువకుని తోటివారు 'ఖాలా అమ్మా' అని ఎగతాళి చేశారట. 1903లో పట్టభద్రుడై, 'ఉర్దూ-ఎ-ముఅల్లా' పత్రికను స్థాపించి, 1908లో రాజద్రోహ నేరంపై కారాగారానికి వెళ్ళిన హస్రత్ మోహానీయే ఆ యువకుడు. బ్యాటు పట్టనివానికి ఆ ఆవరణలో ఎగతాళే దక్కినా, అతని ధైర్యానికి కొదువ లేకపోయింది.

ప్రిన్సిపాళ్ళ లెక్క తొలిసారి ప్రస్ఫుటంగా తప్పినది 1907లో. ప్రదర్శనశాలలో ఒక విద్యార్థికి, పోలీసు జవానుకు జరిగిన ఘర్షణ పెరిగి సమ్మెగా మారింది. ఒకే భోజనశాలలో తిని, ఒకే జట్టులో ఆడి, ఒకే వేదికపై వాదించుకున్నవారు ఒక్కమాటపై నిలవడం ఎవరు నేర్పినట్లు? ఆంగ్ల ఆచార్యులే నేర్పారనక తప్పదు.

1920 అక్టోబరులో షౌకత్ అలీ మరల అలీగఢ్ వచ్చాడు. ఈసారి ఆయన వెంట సోదరుడు మహమ్మద్ అలీ, మహాత్మాగాంధీ ఉన్నారు. ప్రభుత్వ సహాయం పొందే కళాశాలను విడిచిపెట్టండని విద్యార్థులను కోరారు. సర్కారు నౌకరీ చేసిన మాజీ కెప్టెన్ నోట ఆ పిలుపు వినబడడం ఎంత విచిత్రమో గమనించండి! బయటికి నడచినవారిలో 1897లో హైదరాబాదులో జన్మించిన జాకిర్ హుస్సేన్ ఒకరు. 1967లో ఆయన భారత రాష్ట్రపతి అయ్యారు. అక్టోబరు 29న జామియా మిల్లియా ఇస్లామియా అలీగఢ్‌లోనే ప్రారంభమైంది. కొన్నాళ్ళు గుడారాలలో పాఠాలు సాగించి, 1925లో ఢిల్లీకి తరలివెళ్ళింది.

పాత కళాశాల 1920 డిసెంబరులో విశ్వవిద్యాలయమైంది. మిశ్రా పండితుడు మొదలుపెట్టిన క్రికెట్ అక్కడ యథాప్రకారం కొనసాగింది.