ముక్కాలిపీటకో కొమ్మ

టీపాయ్‌కీ టీకీ చుట్టరికం లేదు. హిందీలోని ‘తీన్’, పారసీలోని ‘పాయ్’ కలిసి మూడు కాళ్ల పీట అయింది. ఇంగ్లీషువాళ్ల నోట పడ్డాక టీ వాసన అంటుకుంది. మనకు ముక్కాలిపీట ముందునుంచీ ఉండనే ఉంది. ఇప్పుడది నాలుగు కాళ్లతో, పైన అద్దంతో హాలు మధ్యకొచ్చి కూర్చుంది. దాని మీద రిమోట్లు, కరెంటు బిల్లు, మూత పోయిన పెన్ను, దుమ్ము పట్టిన ప్లాస్టిక్ గులాబీలు.

తిరుపతి, చిత్తూరు ఇళ్లలో ఆ గులాబీలు కనబడితే నాకు మనసొప్పదు. కోస్తాలో చాలామంది సంక్రాంతికి బొమ్మల కొలువు పెడితే, తమిళసీమను ఆనుకున్న మనవైపు దసరాకు పెడతారు. ఏ బొమ్మ ఏ మెట్టు మీదుంటే కంటికి ఆనుతుందో మన అవ్వలకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. టీపాయ్ కూడా కొలువే, ఒక్క మెట్టుది.

కొలువులో పెద్దపీట మరపాచి జంటది. తిరుపతి ఎర్రచందనంతో చేసిన ఆ రాజారాణులను పెళ్లికూతురి వెంట పంపేవారు. నవరాత్రులయ్యాక వాటిని అటకెక్కించకుండా టీపాయ్ మీదే ఉంచేయండి. కొత్తగా కొనేవాళ్లు ప్రభుత్వ హస్తకళల దుకాణం లేపాక్షిలో కొని, బిల్లు దాచుకోవాలి. ఎందుకంటే ఎర్రచందనం శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లో తప్ప సహజంగా మరెక్కడా పెరగని చెట్టు. ఏర్పేడు దగ్గరి మాధవమాల చెక్కబొమ్మ ఒకటున్నా చాలు. పక్కన ఇంకో పది పెడితే అంగడవుతుంది.

ఇక కొమ్మ. మాఘమాసంలో మామిడి పూత చూసి చెయ్యి ఊరుకోదు. ఊరుకోవాలి. ఒక్కో రెమ్మా రేపటి కాయలు. పైగా పూతకు తేనెమంచు పురుగు పట్టి ఉంటే టీపాయంతా జిగురు, పేపరు పెడితే లేవదు. కోతలయ్యాక తోటల్లో కొమ్మలు కత్తిరిస్తారు. చిత్తూరు జిల్లాలో మామిడి తోటలకు కొదవా? రైతునడిగి రెండు రెమ్మలు తెచ్చుకోండి. సొన కారేదాకా బయట నీళ్లలో ఉంచి, ఆ తర్వాతే ఇంట్లోకి తేవాలి. ఉగాదికి వేపపూత, ఎండాకాలానికి రేలపూలు, వానలు వెనకబట్టాక వాగుల వెంట రెల్లు. రెల్లుకు నీళ్లు కూడా అక్కర్లేదు. గన్నేరు మాత్రం వద్దు, పసిపిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. నిలువెల్లా విషం. తిరుమల ఘాట్ రోడ్డులో బండాపి కొమ్మ విరవడమూ వద్దు, అది రక్షిత అడవి.

కాండం చివర ఏటవాలుగా కోసి, ముదురు కొమ్మయితే కొస చీల్చి, నీళ్లు రోజూ మార్చండి. కుండీ కోసం పలమనేరు దాకా వెళ్లొచ్చు. అక్కడి మట్టిపని పేరున్నదే. కానీ మట్టికుండ చెమరుస్తుంది, చెక్క మీద తడి చక్రం వేస్తుంది. లోపల స్టీలు గ్లాసు దించి అందులో నీళ్లు పోయండి. కింద పరిచే గుడ్డ శ్రీకాళహస్తి కలంకారీ అయితే సరే గానీ, లతలూ నెమళ్లూ ఉన్నది ఎంచుకోండి. కరక్కాయలో, పాలలో తడిపిన గుడ్డ మీద కలంతో గీసిన రామయ్య పట్టాభిషేకం మీద టీ కప్పు ఎలా పెడతాం?

ఇలా కొమ్మలూ పూలూ అమర్చడం జపాన్‌వాళ్లకు ఇకెబానా అనే విద్య. దానికి మూలం బుద్ధుడికి పెట్టే పూలు. క్యోటోలోని రొక్కకుదో గుడిలో ఇకెనొబో పూజారులు పెంచిన ఆ విద్య తర్వాత ఇళ్లలోకి వచ్చింది. మన తిరుమలలో ఆ దారి మూసే ఉంది. కొండమీద పూసిన ప్రతి పువ్వూ స్వామిదేనని ఆడవాళ్లు అక్కడ తలలో పూలు పెట్టుకోరు. రామానుజుల మాట మీద కొండెక్కిన అనంతాళ్వారు తోట వేసింది కూడా స్వామి కోసమే. స్వామి పూల నిర్మాల్యం మాత్రం మరో రూపంలో ఇంటికొచ్చింది. 2021లో టీటీడీ, డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఒప్పందం చేసుకున్నాయి. పూజకు వాడిన పూలను ఎండబెట్టి దేవుడి పటాలు, కీచైన్లు, పేపర్‌వెయిట్లు చేయించారు. పేపర్‌వెయిట్ అయితే టీపాయ్‌కి సరిగ్గా సరిపోతుంది, కరెంటు బిల్లు ఎగిరిపోకుండా ఉంటుంది.

ఒక చిన్న మాట. కొమ్మలు సర్దేటప్పుడు కింద పాత ఆదివారం సంచిక పరుచుకోండి. ఈ వారానిది మాత్రం వద్దు.