ముళ్ల తీగకు చిక్కిన లెక్క

నల్లమలలో పులుల్ని లెక్కపెట్టేవాళ్లకు చారల ఆసరా ఉంది. పులి కెమెరాకు పక్కవాటంగా ఒక్కసారి చిక్కితే చాలు, అది ఏ పులో తేలిపోతుంది. ఎలుగుకు ఆ గుర్తులు లేవు, ఒళ్లంతా బొచ్చే. "ఒకే ఎలుగును పదిసార్లు లెక్కపెట్టలేదని ఎలా తెలుస్తుంది సార్?" అని తరగతిలో ఒకమ్మాయి అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు ఆ బొచ్చులోనే ఉంది.

1990లలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో జీవశాస్త్రవేత్తలు జాన్ వుడ్స్, డేవిడ్ పేట్‌కావ్ తదితరులు వెంట్రుకలతో ఎలుగుల్ని లెక్కపెట్టడాన్ని గట్టి పద్ధతిగా మలిచారు. పరికరమంటే పెద్దగా ఏమీ లేదు. నాలుగైదు చెట్ల చుట్టూ మోకాలెత్తున ఒకే వరస ముళ్ల తీగ కడతారు. మధ్యలో పుచ్చిన కట్టెలు కుప్పపోసి, మురగబెట్టిన పశువుల నెత్తురు, చేపల రసం వాటి మీద కుమ్మరిస్తారు. వాసనకు వచ్చిన ఎలుగు తీగ కింద దూరినా, పైనుంచి దాటినా ముళ్లకు నాలుగు వెంట్రుకలు వదిలిపోతుంది.

అక్కడ తినడానికి మాత్రం ఏమీ దొరకదు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. తిండి దొరికితే ఎలుగు మరిగి మళ్లీ మళ్లీ వస్తుంది, లెక్క తప్పుతుంది. ఎవరూ పట్టలేదు, మత్తుసూది వేయలేదు కాబట్టి బెదిరిపోయి దూరంగా ఉండాల్సిన పనీ లేదు.

రెండు వారాల తర్వాత మనుషులు వచ్చి ఒక్కో ముల్లుకున్న కుచ్చును ఒక్కో కాగితపు కవరులో వేస్తారు. ఆ తర్వాత ముల్లును మంటతో కాలుస్తారు, పాత వెంట్రుక మిగిలి వచ్చే విడతలో కలవకుండా. వెంట్రుక మధ్యకు తెగితే పెద్దగా లాభం లేదు, కుదురుతో ఊడి రావాలి. కావలసిన డీఎన్‌ఏ ఆ కుదుట్లోనే ఉంటుంది.

డీఎన్‌ఏలో కొన్నిచోట్ల రెండు మూడు అక్షరాల ముక్క వరసగా మళ్లీ మళ్లీ వస్తుంది. ఎన్నిసార్లు వస్తుందన్నది ఒక్కో ఎలుగుకు ఒక్కోలా ఉంటుంది, తల్లి నుంచి ఒక అంకె, తండ్రి నుంచి ఒకటి. అలాంటి ఆరేడు చోట్ల అంకెలు తీస్తే, తోబుట్టువుల్ని కూడా చాలావరకు విడదీసి ఏ ఎలుగో చెప్పవచ్చు. ఆడా మగా అన్నదీ, ఏ జాతి అన్నదీ అదే వెంట్రుక చెబుతుంది.

ఇక లెక్క. మొదటి విడతలో 60 ఎలుగులు తేలాయనుకుందాం. రెండో విడతలో 50, వాటిలో 20 పాతవే. అంటే 50లో 20 మనకు ముందే తెలిసినవి. అడవి మొత్తంలోనూ అదే పాలు అనుకుంటే, 60ని 50తో గుణించి 20తో భాగించాలి: 150. ఎన్నడూ తీగ దగ్గరికి రానివి కూడా ఈ 150లోకి వచ్చేశాయి!

ఈ లెక్కకు ప్రాణం ఆ 20. నమూనాలో డీఎన్‌ఏ మరీ తక్కువుంటే యంత్రం రెండు అంకెల్లో ఒకదాన్ని వదిలేస్తుంది, పాత ఎలుగు కొత్తదై కూర్చుంటుంది. 20 పాతవాటిలో నాలుగింటికి అలా జరిగితే భాగహారం 16తో చేయాల్సి వస్తుంది, జవాబు 187 దాటుతుంది. నాలుగు కవర్లు తప్పితే అడవిలో లేని 37 ఎలుగులు పుట్టుకొస్తాయి. అందుకే ఒక్క చోట మాత్రమే తేడా ఉన్న జంటలన్నిటినీ ప్రయోగశాల మళ్లీ పరీక్షిస్తుంది.

2004లో అమెరికాలోని మోంటానాలో, గ్లేషియర్ నేషనల్ పార్కు, దాని చుట్టుపక్కల అడవుల్లో కేట్ కెండల్ బృందం 2,558 తీగవలయాలు వేసింది. ఎలుగులు వీపు రుద్దుకునే చెట్ల నుంచీ వెంట్రుకలు ఏరింది. మొత్తం దాదాపు 34,000 నమూనాలు, వాటిలో 563 వేర్వేరు గ్రిజ్లీలు (అక్కడి గోధుమరంగు ఎలుగులు), అంచనా 765. అంతకు ముందు అనుకున్నదానికన్నా ఇది చాలా ఎక్కువ. 2008 అధ్యక్ష ఎన్నికల ప్రచారంలో అభ్యర్థి జాన్ మెకెయిన్ ఈ పనిని దుబారా అని ఎద్దేవా చేశారు. 1975 నుంచి చట్టం కాపాడుతున్న జంతువు పెరుగుతోందా, తరుగుతోందా అన్నది ఇలా లెక్కపెట్టకుండా ఎలా తెలుస్తుంది?

తర్వాత ఏ తీగ దగ్గర ఏ ఎలుగు చిక్కిందన్న స్థలాన్ని కూడా లెక్కలో కలిపే గణితం వచ్చింది. ఇటలీలోని అపెనైన్ కొండల్లో మిగిలిన గోధుమరంగు ఎలుగుల్నీ వెంట్రుకలతోనే లెక్కించారు. అక్కడున్నవి 50 చిల్లర. అంత చిన్న మందలో, లేని ఎలుగులు నాలుగు లెక్కలో చేరినా పరిస్థితి నిలకడగానే ఉందని పొరబడే ప్రమాదం ఉంది.