పని నేర్చుకొను కాలము: హక్కులు, అవకాశములు

చదువు ముగిసిన పిదప ఉద్యోగము లభించువరకు గల మధ్యకాలమున కొందరు విద్యార్థులు ఏదేని సంస్థలో చేరి పని నేర్చుకొందురు. కర్మాగారములలో దీనిని అప్రెంటిస్‌షిప్ అనియు, కార్యాలయములలో ఇంటర్న్‌షిప్ అనియు వ్యవహరించుచున్నారు. ఈ భావము మనకు కొత్తది కాదు. ఉర్దూలో ఉస్తాదు, షాగిర్దు అనియు, తెలుగులో గురువు, శిష్యుడు అనియు చెప్పుకొను సంబంధమే దీనికి మూలము. అయినను ఈ కాలమున శిక్షణార్థికి రావలసినవి ఏవి, వానిని ఎట్లు వినియోగించుకొనవలెను అను విషయములు చాలమందికి స్పష్టముగా తెలియవు.

మన దేశమున దీనికొక చట్టము కలదు. అది 1961వ సంవత్సరపు అప్రెంటిస్‌ల చట్టము. 1973లో చేసిన సవరణతో ఇంజనీరింగు పట్టభద్రులును, డిప్లొమా పొందినవారును, 2014లో చేసిన సవరణతో ఇతర శాఖల పట్టభద్రులును దాని పరిధిలోనికి వచ్చిరి. ఈ చట్టము ప్రకారము శిక్షణార్థి కార్మికుడు కాడు; అతడు నేర్చుకొనువాడు. ఈ ఒక్క మాటలోనే అతని లాభమును, నష్టమును ఇమిడి యున్నవి. కార్మికునకు గల వేతన హక్కులు అతనికి లేవు. శిక్షణ ముగిసినంతనే ఉద్యోగ మిచ్చితీరవలెనను నిర్బంధమును యజమానికి లేదు. కాని నేర్చుకొనుటకు అవసరమైన రక్షణలు అతనికి కలవు.

ఆ రక్షణలలో ముఖ్యమైనవి ఇవి. మొదట ఒప్పందపత్రము వ్రాసి నమోదు చేయవలెను. నెలనెల స్టైపెండు చెల్లించవలెను. 2019లో సవరింపబడిన నియమములలో దాని కనీస మొత్తము విద్యార్హతను బట్టి 5,000 నుండి 9,000 రూపాయల వరకు నిర్ణయింపబడినది. సంస్థ పాటించు సెలవులు శిక్షణార్థికిని లభించును. అప్రెంటిస్‌షిప్ సలహాదారు అనుమతి లేక అతనిచే ఓవర్‌టైము చేయించరాదు. కర్మాగారమునందలి ఆరోగ్య, భద్రతా నియమములు అతనికిని వర్తించును. పనిలో గాయపడినచో నష్టపరిహారపు బాధ్యత యజమానిది.

వీనికంటె మన సిరిసిల్ల విద్యార్థి ప్రత్యేకముగా గమనింపదగిన నియమ మొకటి కలదు. శిక్షణార్థికి ఉత్పత్తి లెక్కన చెల్లింపు చేయరాదు. మన పట్టణమున మరమగ్గముల కార్మికునకు నేసిన గుడ్డను బట్టి కూలి లభించును. ఎక్కువ సాంచాలు నడిపినవానికి ఎక్కువ డబ్బు. అట్టి చోట పదునెనిమిదేండ్ల యువకుడు మొదటి నెలనుండియే కూలి లెక్కకు దిగినచో ఏమగును? తెగిన పోగు అతుకుట, నాడెలో కండె మార్చుట అతనికి త్వరగానే అలవాటగును. పిదప ఆ సాంచాల నడుమ నుండి కదలుటకు తీరిక యుండదు. కదలినంతసేపు కూలి తగ్గును. పదేండ్లు గడచినను మగ్గము చెడినప్పుడు మరమ్మతు చేయువాని కొరకు ఎదురుచూడవలసినదే. చట్టము స్టైపెండును ఉత్పత్తితో ముడిపెట్టకుండుటలోని మేలు ఇచ్చట తెలియుచున్నది. నేర్చుకొనుటకు దొరకిన తీరికయే శిక్షణార్థికి లభించు అన్నిటికంటె పెద్ద సౌకర్యము.

ఇక ఆ తీరికను వినియోగించుకొను విధమును చూతము. క్యాంటీను భోజనము, బస్సు, పనిదుస్తులు వంటివి ఉన్నచో నిస్సంకోచముగా పొందవలెను. అవి దానములు కావు. కాని వానితో తృప్తి చెందరాదు. ఒక నేత కర్మాగారమున చేరిన విద్యార్థి నూలు వచ్చిన చోటునుండి గుడ్డ బయటికి పోవు చోటువరకు ప్రతి దశను చూడవచ్చును. కండెలు చుట్టుట, పడుగు తోడుట, దానికి గంజి పెట్టుట, పోగులను అచ్చులో ఎక్కించుట, నేత, మడత, లెక్కలు అన్నియు ఒక్కచోటనే పరిశీలింపవచ్చును. రోజుకూలి మనిషి పని విడిచి అకౌంట్లు వ్రాయు గదిలోనికి పోయి ప్రశ్నలడుగజాలడు, శిక్షణార్థి అడుగగలడు. నూలు ధర పెరిగినప్పుడు మీటరు గుడ్డకు ఖర్చు ఎట్లు పెరుగునో అచ్చటనే తెలియును. కూలివానిగా మిగులుటకును, రేపు స్వయముగా నాలుగు సాంచాలు పెట్టుకొనుటకును గల భేదము తరచుగా ఈ లెక్కలోనే యున్నది.

ప్రతిదినము నేర్చినదానిని ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుట మంచిది. ఏ మగ్గము ఎందుచేత ఆగినది, దానిని ఎవరు ఎట్లు బాగుచేసిరి అను రెండు వాక్యములు చాలును. అనుభవజ్ఞులను ప్రశ్నించునపుడు వారి పని రద్దీ తగ్గు వేళను ఎన్నుకొనవలెను. కూలి లెక్కన పనిచేయువాని సమయము అతని అన్నమని మరువరాదు.

శిక్షణ ముగిసిన పిదప పరీక్షకు కూర్చుండి సర్టిఫికెట్టు పొందుట తప్పనిసరి అని భావింపవలెను. జగిత్యాల, కోరుట్ల ప్రాంతములనుండి గల్ఫు దేశములకును, సిరిసిల్లనుండి భివండీకిని బ్రతుకుతెరువు కొరకు వెళ్లినవారు అనేకులు. పరాయిచోట మన చేతిపనిని ఎవరును ముందుగా చూడరు, పత్రమునే చూతురు.

అయితే ఒక నిజమును చెప్పక తప్పదు. 2019 నియమముల ప్రకారము 30 మంది, అంతకు మించిన సిబ్బంది గల సంస్థలకే శిక్షణార్థులను తీసికొనుట నిర్బంధము. 4 నుండి 29 మంది గలవి ఇష్టమైనచో తీసికొనవచ్చును. మన ఊరి సాంచాలలో చాలభాగము ఆసాముల చిన్న షెడ్లలో నున్నవి. అచ్చట ఒప్పందమంతయు నోటిమాటమీదనే జరుగును. అట్టి షెడ్డులో చేరు విద్యార్థి మొదటి దినముననే మర్యాదగా మూడు సంగతులు తేల్చుకొనవలెను: ఎన్ని నెలలు నేర్పుదురు, ఏయే పనులు నేర్పుదురు, నెలకు ఏమిత్తురు. తండ్రినో, మామనో, అధ్యాపకునో వెంటబెట్టుకొని పోయి అడిగినచో ఆ మాటకు బలము చేకూరును.

ఇందు కళాశాల కమిటీ పెద్దలకును పాత్ర కలదు. విద్యార్థిని పంపునపుడు ఈ మూడు సంగతులను కాగితముపై వ్రాయించి, ఒక ప్రతిని కళాశాలలో భద్రపరచినచో చట్టము అందని చోట కొంత రక్షణ యేర్పడును. దీనికి ఖర్చు లేదు. శ్రద్ధ మాత్రమే కావలెను.

విద్యార్థి మిత్రులారా! స్టైపెండు నెలాఖరునకు ఖర్చగును. నేర్చిన పని మాత్రము మీతోనే యుండును. హక్కులను తెలిసికొని అడుగుడు. అవకాశమును గుర్తించి నేర్వుడు. ఈ రెంటిలో ఏ ఒక్కటి లోపించినను శిక్షణకాలము చౌక కూలిగా మారిపోవును.